నిరసన పాట ప్రకటనగా మారితే ఏం మిగులుతుంది?

మీరు అడిగింది రెండు ముక్కల్లో ఇది. బ్రాండ్ల పిచ్చిని, కొనుగోళ్ల వ్యామోహాన్ని ఎండగట్టిన పాటలే కొన్నేళ్లకు జీన్స్ ప్రకటనల్లో, కార్ల ప్రకటనల్లో మోగుతున్నాయి. అలాంటప్పుడు ఆ నిరసన ఎందుకు పనికొచ్చినట్టు? తెలుగులో ఇలాంటి పాటలు అసలున్నాయా? సెమినార్ పేపర్ కోసం అన్నారు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ముందే చెప్పేస్తా, నేను అవతలి గట్టు మనిషిని. హైదరాబాద్‌లో చాలా ఏళ్లు రేడియోకి, టీవీకి జింగిల్స్ చేసి బతికాను. ఏ పాట ప్రకటనలోకి సులువుగా జారిపోతుందో, ఏది గొంతులో అడ్డం పడుతుందో మాకు తెలిసినంతగా విమర్శకులకు తెలియకపోవచ్చు.

మా దగ్గర పని ఎలా మొదలవుతుందంటే, ఏజెన్సీ నుంచి బ్రీఫ్ వస్తుంది, దాంతోపాటు ఒక రిఫరెన్స్ ట్రాక్. "అచ్చం ఇలాగే ఉండాలి, కానీ ఇది కాకూడదు" అంటారు. ఒకసారి ఓపెన్ ప్లాట్ల వెంచర్‌కి ముప్పై సెకన్ల స్పాట్ చేయమన్నారు. రిఫరెన్స్‌గా పంపింది భూమి కోసం పాడిన ఒక ఉద్యమ పాట! క్లయింట్‌కి డప్పు కావాలి, గొంతులో ఆ జీర కావాలి, 'మట్టి' అనే మాట కావాలి. 'దొర' వద్దు, 'పోరు' వద్దు, ఎవరి భూమి ఎవరు లాక్కున్నారన్న ఊసు అసలే వద్దు. డప్పు కొట్టడానికి వచ్చినాయన స్క్రాచ్, అంటే కచ్చా రికార్డింగ్, విని నవ్వి, "మంచిగుంది సార్. అప్పుడు భూమి కావాలని కొట్టినం, ఇప్పుడు భూమి అమ్మనీకి కొడుతున్నం" అన్నాడు. డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. స్పాట్ బాగానే ఆడింది.

ప్రకటన ఎప్పుడూ పాట మొత్తాన్ని తీసుకోదు. దరువు తీసుకుంటుంది, గొంతు తీరు తీసుకుంటుంది, పల్లవిలో నాలుగు మాటలు తీసుకుంటుంది. చరణాలు వదిలేస్తుంది. కాబట్టి కోపమంతా పల్లవిలోనే, అదీ 'స్వేచ్ఛ', 'విప్లవం', 'మార్పు' లాంటి పెద్ద మాటల్లోనే ఉన్న పాట మాకు పళ్లెంలో పెట్టిచ్చినట్టే. 1987లో నైకీ తన బూట్ల ప్రకటనకు బీటిల్స్ 'రివల్యూషన్' వాడుకుంది. అది వస్తు వ్యామోహం మీద పాటేమీ కాదు, అయినా ఇక్కడ ఉదాహరణగా పనికొస్తుంది. రికార్డింగ్ హక్కు ఒకరిది, రచన-బాణీల హక్కు ఇంకొకరిది. ఆ రెండో హక్కు అప్పటికి మైకేల్ జాక్సన్ చేతిలో ఉంది. నైకీ రెండు వైపులా అనుమతి తీసుకుంది. బీటిల్స్ వాళ్ల సొంత సంస్థ యాపిల్ కోర్టుకెక్కింది, 1989లో రాజీతో అది ముగిసింది. పాడినవాళ్లు ఇష్టపడలేదన్నది వేరే విషయం, పాట వాళ్ల చేతిలో లేదు. మీ పేపర్‌లో ఏ పాట 'అమ్ముడుపోయింది' అని రాసే ముందు, అమ్మింది ఎవరో ఒకసారి చూసుకోండి.

ఇక మీ ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న కేసు చెప్తాను. మా వృత్తిలో ఉన్న ప్రతివాడూ చదవాల్సింది ఇది.

టామ్ వెయిట్స్ అనే అమెరికన్ గాయకుడు 1976లో 'స్మాల్ ఛేంజ్' ఆల్బమ్‌లో 'స్టెప్ రైట్ అప్' అనే పాట పాడాడు. మన జాతర్లో మైకు పట్టుకుని "మంచి తరుణం మించిన దొరకదు, ఆలసించిన ఆశాభంగం" అని ఊదరగొట్టేవాడి గొంతు ఊహించుకోండి. వెనక డబుల్ బేస్, శాక్సోఫోన్. పాటంతా ఏదో వస్తువు అమ్ముతూనే ఉంటాడు, ఆ వస్తువేమిటో మాత్రం చివరిదాకా తెలియదు. అది మరకలు పోగొడుతుంది, గడ్డి కోస్తుంది, పిల్లల్ని బడి నుంచి తీసుకొస్తుంది, జూదం అప్పులు తీరుస్తుంది, సిగరెట్ మాన్పిస్తుంది, ఎన్నికల్లో కూడా గెలిపిస్తుంది. చివర్లో ఒక విసురు: పెద్దక్షరాలు ఇచ్చినదాన్ని చిన్నక్షరాలు లాగేసుకుంటాయని. అన్నీ నిజం ప్రకటనల్లో వినిపించే మాటలే. వాటిని ఊపిరాడకుండా ఒకదాని మీద ఒకటి పేర్చడమే అక్కడ జరిగిన విమర్శ.

పన్నెండేళ్ల తర్వాత ఫ్రిటో-లే కంపెనీ 'సాల్సా రియో డోరిటోస్' అనే చిప్స్‌కి రేడియో ప్రకటన చేయించింది. ఏజెన్సీకి స్ఫూర్తినిచ్చింది సరిగ్గా ఈ పాటే, అమ్మకాన్ని వెక్కిరించిన పాట! వెయిట్స్ ప్రకటనలు చేయడని వాళ్లకు తెలుసు. అందుకని అతన్ని అనుకరించగల గాయకుణ్ని వెతికి పట్టుకున్నారు. ఆడిషన్‌లో ఆ గొంతు విని ఏజెన్సీ వాళ్లే ఉలిక్కిపడ్డారు, అంత పోలిక. వాళ్లకూ భయం లేకపోలేదు. లాయర్‌ని అడిగారు. శైలికి రక్షణ ఉండదుగానీ ఇది మరీ దగ్గరగా ఉంది, కేసు పడే ప్రమాదం ఉంది అన్నాడాయన. అప్పుడు అనుకరణ లేకుండా ఇంకో వెర్షన్ కూడా సిద్ధం చేశారు. రెండూ క్లయింట్ ముందు పెట్టారు. క్లయింట్ మొదటిదే కావాలన్నాడు. 'సేఫ్ వెర్షన్' చేసి ఇవ్వడం, అది షెల్ఫ్‌లోనే ఉండిపోవడం నాకు ఎంత పరిచయమో చెప్పలేను.

1988 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఆ ప్రకటన అమెరికాలో 61 మార్కెట్లలో, 250కి పైగా రేడియో స్టేషన్లలో వచ్చింది. వెయిట్స్ లాస్ ఏంజెలిస్‌లో ఒక రేడియో కార్యక్రమానికి వెళ్లినప్పుడు అక్కడే దాన్ని విన్నాడు. కేసు వేశాడు. జ్యూరీ 3,75,000 డాలర్ల పరిహారం, దాని మీద 20 లక్షల డాలర్ల శిక్షాత్మక పరిహారం వేసింది. 1992లో అప్పీలు కోర్టు ఈ రెండింటినీ సమర్థించింది. గమనించాల్సింది ఏమిటంటే, ఇది కాపీరైట్ కేసు కాదు. పాట ఎవరిదన్న గొడవ కాదు, గొంతు ఎవరిదన్న గొడవ. అంతకు కాస్త ముందే బెట్ మిడ్లర్ అనే గాయని ఫోర్డ్ కార్ల ప్రకటన మీద ఇలాంటి కేసే గెలిచి ఉంది, దారి అక్కడ పడింది. మన దగ్గర ఏఐ గొంతుల గొడవ మొదలయ్యాక 2024లో బాంబే హైకోర్టు అర్జిత్ సింగ్‌కి ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు కూడా ఈ కోవలోనిదే.

కేసు గెలవడం సంగతి అటుంచండి. నాకు ఆసక్తి కలిగించేది వేరు. ప్రకటనను వెక్కిరించే పాట సగం ప్రకటనే. దాని బలమంతా అమ్మేవాడి వాగ్ధాటిలో ఉంటుంది, ఆ వాగ్ధాటి వెక్కిరింపుకీ పనిచేస్తుంది, చిప్స్‌కీ పనిచేస్తుంది. వింటున్నవాడికి ఇరవయ్యో సెకను దగ్గర తేడా తెలియదు. పేరడీ ఎంచుకున్న ప్రతి నిరసన గాయకుడికీ ఈ ముప్పు ఉంటుంది. వెయిట్స్‌ని కాపాడింది పాట కాదు, అతని మొండితనం, లాయర్లూ.

రెండో రకం పాట కొనేవాణ్ని చూసి నవ్వేది. మాల్వినా రెనాల్డ్స్ 1962లో రాసిన 'లిటిల్ బాక్సెస్' అందరికీ తెలిసిందే. శాన్ ఫ్రాన్సిస్కో పక్కన డేలీ సిటీ కొండల మీద ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్లను చూసి రాసింది, మరుసటి ఏడు పీట్ సీగర్ పాడి పేరు తెచ్చాడు. బాణీ అద్భుతం. కానీ నాకు ఆ పాటతో పేచీ ఉంది. ఆ ఇళ్లలోకి వచ్చినవాళ్లలో చాలామందికి అదే మొదటి సొంత ఇల్లు. కొంపల్లి నుంచి నార్సింగి దాకా వరసగా లేచిన విల్లాల మీద మనవాడెవడైనా అలాంటి పాట రాస్తే, ఇరవై ఏళ్ల ఈఎంఐ కడుతున్నవాడికి నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది. ఈ పాట తర్వాత 'వీడ్స్' అనే అమెరికన్ టీవీ సీరియల్‌కి టైటిల్ పాట అయింది. సబర్బన్ జీవితం మీద సెటైరే అయినా, అక్కడికొచ్చేసరికి అది వారం వారం హాయిగా ఊపేసే పాట మాత్రమే.

పోలీ స్టైరీన్ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. లండన్‌లో 1970ల చివర్లో పంక్ అనే రాక్ సంగీతం హోరెత్తుతున్నప్పుడు 'ఎక్స్-రే స్పెక్స్' అనే బ్యాండ్ నడిపిన అమ్మాయి. తండ్రి సోమాలియా మనిషి, తల్లి బ్రిటన్ మనిషి. అసలు పేరు మరియాన్. థర్మోకోల్ దేనితో చేస్తారో ఆ ప్లాస్టిక్ పేరే తనకు పెట్టుకుంది. పాప్ స్టార్ అంటే వాడి పారేసే వస్తువే కదా, పేరు కూడా అలాగే ఉండనీ అని. పళ్లకు క్లిప్పులు, కళ్లు చెదిరే రంగుల ప్లాస్టిక్ బట్టలు. కింగ్స్ రోడ్డు వైపు మార్కెట్లో సొంతంగా బట్టల స్టాల్ కూడా పెట్టింది, అంటే అమ్మకం సంగతి లోపలినుంచి తెలిసిన మనిషి.

1978లో వచ్చిన 'ద డే ద వరల్డ్ టర్న్డ్ డే-గ్లో' వినండి. కథ చాలా చిన్నది: ఒకమ్మాయి కారులో బయటికెళ్లి బన్ను తిని వస్తుంది. కానీ కారు పాలీప్రొపిలీన్‌ది, చక్రాలు స్పాంజివి, బన్ను రబ్బరుది, కిటికీ పెర్‌స్పెక్స్, కర్టెన్ నైలాన్. చెట్లు కూడా రేయాన్‌వే, వాటి నుంచి రాలే ఆకులు సింథటిక్. ఎక్కడా "ఇది తప్పు" అనదు. "మనుషులు చెడిపోయారు" అనదు. పేర్లు చెప్తూ పోతుంది, అదీ ఏడుస్తూ కాదు, గొంతు చించుకుని సంబరంగా. ఆ సంబరమే నాకు గుండె దడ పుట్టిస్తుంది. ఆ రికార్డు కూడా మెరిసే నారింజ రంగు ప్లాస్టిక్ మీదే అచ్చేశారు, జనం ఎగబడి కొన్నారు. ఆమెకు ఆ తమాషా తెలియక కాదు.

అదే ఏడు వచ్చిన ఆల్బమ్‌లో 'వారియర్ ఇన్ వూల్‌వర్త్స్' అనే పాట ఉంది. వూల్‌వర్త్స్ అంటే అప్పట్లో అక్కడున్న చవక సరుకుల గొలుసు దుకాణం. పాటలో ఉన్నది కొనేవాడు కాదు, కౌంటర్ వెనక వినయంగా నిలబడి లోపల పథకాలు వేసుకునే కుర్రాడు. వస్తు వ్యామోహం మీద వందల పాటలున్నాయిగానీ, సరుకు ప్యాక్ చేసి ఇచ్చేవాడి ముఖం చూసిన పాటలు చాలా తక్కువ. మాల్‌లో బిల్లింగ్ దగ్గర పది గంటలు నిలబడే పిల్లల మీద తెలుగులో ఒక పాట ఉంటే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ద క్లాష్ అనే లండన్ పంక్ బ్యాండ్ గురించి అందరూ రాస్తారు, నేను తొందరగా దాటేస్తా. 1979లో 'లాస్ట్ ఇన్ ద సూపర్‌మార్కెట్' పాడారు. డిస్కౌంట్ వస్తువుల మధ్య తప్పిపోయిన మనిషి పాట, చాలా మెత్తగా ఉంటుంది. ఆ పాట ఉన్న రెండు రికార్డుల ఆల్బమ్‌ని ఒక్కదాని ధరకే అమ్మించారు. మరుసటి ఏడు మూడు రికార్డుల ఆల్బమ్‌కీ అదే పట్టు పట్టారు, అందుకు తమ రాయల్టీలో కోత పెట్టుకున్నారు. ఇదే బ్యాండ్ వేరే పాట 1991లో లీవైస్ జీన్స్ ప్రకటనలో వచ్చి, దాని ఊపుతోనే బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. 'లండన్ కాలింగ్' 2002లో జాగ్వార్ కార్లకు. రెండూ నిజమే. మొదటిది చెప్పి రెండోది దాస్తే అభిమానం, రెండోది చెప్పి మొదటిది దాస్తే ఉక్రోషం. క్రాస్ అనే ఇంకో బ్యాండ్ ధర పెంచి అమ్మే దుకాణదారుడికి వీల్లేకుండా "ఇంతకు మించి చెల్లించకండి" అని అట్ట మీదే అచ్చేసేది. మన మందుల సీసా మీద ఎంఆర్‌పీ లాగా. పాటలో ఏముందన్నది ఎంత ముఖ్యమో, అట్ట మీద ఏముందన్నది కూడా అంతే ముఖ్యం. మీ పేపర్‌లో దీనికి ఒక పేజీ ఇవ్వండి.

చుంబావాంబా అనే బ్రిటిష్ బ్యాండ్ వాళ్లది ఇంకో దారి. 'టబ్‌థంపింగ్' హిట్టయ్యాక 1998 ప్రపంచ కప్ ప్రకటనకు నైకీ 15 లక్షల డాలర్లు ఇస్తామంటే వద్దన్నారు. తర్వాత 2002లో జనరల్ మోటార్స్‌కి మాత్రం ఒక పాట ఇచ్చి, వచ్చిన డబ్బు కార్పొరేట్ వ్యతిరేక సంస్థలకు పంచారు. ఆ డబ్బుతో ఆ సంస్థలు జనరల్ మోటార్స్ మీదే ప్రచారం చేశాయి. ఏజెన్సీలో ఎవరి మొహం ఎలా మారిందో చూడాలని ఉండేది నాకు.

ఇప్పుడు మన దగ్గరికి. కొడైకెనాల్‌లో పాదరసం థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఉండేది. 1980లలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం నుంచి తెచ్చి పెట్టారు, తర్వాత హిందుస్థాన్ యూనిలీవర్ చేతికొచ్చింది. సరుకు ఎక్కువగా ఎగుమతికే. 2001లో ఊళ్లోని పాత సామాన్ల దుకాణంలో పాదరసం అంటిన గాజు పెంకులు 7 టన్నులకు పైగా బయటపడ్డాయి, ఫ్యాక్టరీ మూతపడింది. కార్మికులు జబ్బుల గురించి, పరిహారం గురించి ఏళ్ల తరబడి తిరిగారు. 2015 జులై చివర్లో చెన్నై ర్యాపర్ సోఫియా అష్రఫ్ 'కొడైకెనాల్ వోంట్' విడుదల చేసింది. బాణీ అమెరికన్ ర్యాపర్ నిక్కీ మినాజ్ హిట్ పాటది. అంటే ప్రకటనల వాళ్లు నిరసన పాటకు చేసే పనిని ఈమె తిరగేసి చేసింది. పైగా ఆమె కూడా ప్రకటనల రచయితగా పనిచేసి వచ్చిన మనిషే, హుక్, అంటే చెవిని పట్టేసే ముక్క, ఎక్కడ పడాలో తెలుసు. పాటలో కంపెనీ పేరు ఉంది, ఊరి పేరు ఉంది, ఏం చేయాలో ఉంది: నష్టం పూడ్చేదాకా వెనక్కి తగ్గం అని. లక్షల మంది చూశారు, నిక్కీ మినాజ్ కూడా పంచుకుంది. 2016 మార్చిలో కంపెనీ 591 మంది మాజీ కార్మికులతో ఒప్పందం చేసుకుంది. జబ్బులకు ఫ్యాక్టరీ కారణం కాదనే చెప్తూ, మానవతా దృష్టితో ఇస్తున్నామంది.

పాట వల్లే గెలిచారని రాయకండి, ఏళ్ల తరబడి సాగిన కోర్టు పోరాటాన్ని అవమానించినట్టవుతుంది. కానీ ఒకటి చూడండి: ఆ పాటను ఏ ప్రకటనలోకీ తీసుకోలేరు. హుక్‌లోనే ఊరి పేరు ఉంది. సబ్బు కొనేవాణ్ని అది తిట్టదు, సబ్బు అమ్మే కంపెనీ ఇంకోచోట ఏం వదిలి వెళ్లిందో చెప్తుంది.

తెలుగులో ఉన్నాయా అంటే, ఉన్నాయి. కానీ మీరు వెతుకుతున్న చోట కాదు. మాల్స్ మీద, బ్రాండ్ల మీద వెతికితే సినిమా కామెడీ పాటలు దొరుకుతాయి. గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' తీసుకోండి. 'కుబుసం' సినిమాలో వందేమాతరం శ్రీనివాస్ గొంతుతో ఊరూరా పాకింది. దాన్ని ప్రపంచీకరణ పాట అంటారు, పల్లె పాట అంటారు. వినియోగ సమాజం మీద పాట అని ఎవరూ అనరు. నా దృష్టిలో అది అదే. కుమ్మరి వాములో తుమ్మలు మొలిచాయి, కమ్మరి కొలిమిలో దుమ్ము పేరుకుంది, వడ్రంగి బాడిస మొద్దుబారింది, సాలెల మగ్గం ఆగింది. ఎందుకు? కుండ స్థానంలో ప్లాస్టిక్ బిందె కొన్నాం, నేత చీర స్థానంలో మిల్లు చీర కొన్నాం. పోలీ స్టైరీన్ పేర్చిన ప్లాస్టిక్ జాబితాకు ఇది అవతలి పేజీ. అక్కడ కొత్తగా వచ్చిన వస్తువుల పట్టిక, ఇక్కడ అవి వచ్చాక పోయిన చేతుల పట్టిక.

ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఈ నిరసన ఎక్కువగా కొని కొని విసిగినవాడి గొంతు. మన దగ్గర అది తను చేసింది ఎవరూ కొనక చేతులు ముడుచుకున్నవాడి గొంతు. అందుకే మన పాటల్లో విసుగు ఉండదు, దుఃఖం ఉంటుంది. ఈ తేడా మీద పేపర్ నిలబెట్టొచ్చు.

వెంకన్న పాటతో నాకున్న చిక్కు కూడా చెప్పాలి. కుట్ర కనిపించదు అనే పల్లవి వినడానికి గొప్పగా ఉంటుంది, కానీ కొడైకెనాల్ పాటలాగా ఫలానావాడు అని వేలు పెట్టి చూపదు. ఇంకోటి, కులవృత్తులన్నీ సవ్యంగా సాగిన ఆ పాత పల్లెలో ఎవరు ఏ బావిలో నీళ్లు తోడాలో కూడా ముందే రాసిపెట్టి ఉండేది. కుండలు చేయడం మానేసి కూకట్‌పల్లిలో డెలివరీ బాయ్‌గా చేరిన కుర్రాణ్ని అడిగితే, పల్లె కన్నీరు గురించి అతని మాట వేరేగా ఉండొచ్చు. అతని పాట ఇంకా నా చెవిన పడలేదు.

పేపర్‌కి నాలుగు పాటలు చాలు. వెయిట్స్ పాటలో మాట్లాడేది అమ్మేవాడు, సూపర్‌మార్కెట్ పాటలో కొనేవాడు, వూల్‌వర్త్స్ పాట నడిచేది కౌంటర్ వెనక కుర్రాడి చుట్టూ, వెంకన్న పాట ఏడ్చేది చేసేవాళ్ల కోసం. 'వెయిట్స్ వర్సెస్ ఫ్రిటో-లే' తీర్పు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చట్టం భాగం తర్వాత చూసుకోవచ్చు, ముందు వాస్తవాల భాగం చదవండి. ఆడిషన్ ఎలా జరిగింది, ఎవరు ఎవర్ని హెచ్చరించారు, హెచ్చరించాక కూడా ఏ టేపు బయటికెళ్లింది, అంతా అందులో ఉంది.